వినపడ్డ ప్రార్థన

ఫిబ్రవరి 6, శుక్రవారం

స్త్రీల కూటంలో ప్రార్థన నడిపించే పని ఈ రోజు మా తోటికోడలికి ఇచ్చారు. పదకొండేళ్లుగా ఆ పని నాది. పాస్టరమ్మ గారు నా చెయ్యి పట్టుకుని మెల్లగానే చెప్పారు.

"ఏమీ అనుకోకండి అక్కా. మీ ప్రార్థన దేవుడికి బాగానే వినపడుతుంది. వెనక బెంచీల వాళ్లకే వినపడటం లేదు."

పక్కన ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను.

నాకేమీ బాధ లేదు. దేవుని పని ఎవరు చేస్తే ఏమిటి?

ఫిబ్రవరి 7, శనివారం

మా ఆయన సైకిల్ షాపుకి బయలుదేరుతూ టీ తాగుతుంటే చెప్పాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను.

"అంటే మైకు చేతికే మైకు ఇచ్చారన్నమాట" అన్నారు.

మా వీధిలో అందరూ ఆమెను మైకు అనే అంటారు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగం ఆమెది. ఇంట్లో కూడా అంతే, పై అంతస్తులో ఆమె టీ కలుపుకుంటుంటే అందులో పంచదార లేదన్న సంగతి కింద మాకు తెలుస్తుంది. మా మరిది లారీ మీద వారాల తరబడి బయటే ఉంటాడు కాబట్టి ఆమె గోడలతోనైనా మాట్లాడాలి.

"మరి గుసగుసకి ఏమిచ్చారు?" అని అడిగారు. గుసగుస అంటే నేను.

"హాజరు పట్టీ" అన్నాను.

"అది రాసేదేగా, వినపడక్కర్లేదు" అని నవ్వుతూ వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఆమె మొదటిసారి ప్రార్థన నడిపింది. "నాన్నా, కాస్త ఇటు చూడు" అని మొదలుపెట్టింది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దాయనతో మాట్లాడినట్టు. కొందరు ఏడ్చారు. వెనక బెంచీలో కూర్చునే చెవిటి ముసలమ్మ కూడా ఆమేన్ అంది.

నేను కళ్లు మూసుకునే ఉన్నాను. ఒకే వాక్యంలో మూడుసార్లు "నాన్నా" అంది. రెండు చోట్ల వాక్యం మధ్యలో వదిలేసింది. ఇవి లెక్కపెట్టాలని లెక్కపెట్టలేదు, చెవిన పడ్డాయి అంతే.

ఆమె గుడికి రావడం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఇంత త్వరగా ఇంత పేరు వస్తే మనిషికి గర్వం పెరుగుతుంది. ఆమె ఆత్మ గురించే నా భయం.

ఫిబ్రవరి 16, సోమవారం

నేను పనిచేసే కుట్టు గదికి వెళ్లాలంటే బస్టాండులో బస్సు మారాలి. స్తంభానికి కట్టిన హారన్‌లోంచి ఆమె గొంతు. "ప్రయాణికులకు మనవి. మూడో నంబరు దగ్గర ఆగి ఉన్న బస్సు..." ఏ మూల నిలబడినా వస్తుంది.

గదిలో ఇస్త్రీ చేసే ఆమె నా దగ్గరికి వచ్చింది. "మైకుగారు మీ తోటికోడలటగా! మా అమ్మాయి కాన్పు కోసం ఆమెను ప్రార్థన చెయ్యమని చెప్తారా?"

"తప్పకుండా. నేను కూడా చేస్తాను" అన్నాను.

"ఆ, మీరూ చెయ్యండి" అంది.

మీరూ. ఆ "రూ" రోజంతా సూదిలా వేలిలో దిగబడి ఉంది. ఇరవై రెండు చొక్కాలకు కాజాలు కుట్టాను. ఒక్కటీ సరిగా కుదరలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మధ్యాహ్నం కూటానికి వెళ్లలేదు. తలనొప్పి. వంటగదిలో మోకరించి ఆమె కోసం ఒక చిన్న ప్రార్థన చేశాను. ఆమె మంచి కోరే చేశాను. మాటలు ఇక్కడ రాయనక్కర్లేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

పై నుంచి దగ్గు. చలికి అయ్యుంటుంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఆమె గొంతు పూర్తిగా బొంగురు పోయింది. కూటంలో నన్నే నడిపించమన్నారు. ముందుకు వెళ్లి ప్రార్థించాను. నలుగురైదుగురు ఆమేన్ అన్నారు. చాలా హాయిగా అనిపించింది. హాయి అంటే దేవుని సన్నిధిలో ఉన్న హాయి.

మార్చి 9, సోమవారం

ఇది రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

మరిది ఊళ్లో లేడు. గొంతు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు సన్నటి గొట్టం వేసి చూశాడు. స్వరం పలికే చోట గడ్డ ఉందట. కోసి, ముక్క పరీక్షకు పంపాలట. మంచి గడ్డో చెడ్డ గడ్డో అప్పుడుగానీ తెలియదట. మంచిదైనా, గొంతు మునుపటిలా వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

"నా ఉద్యోగమే గొంతు సార్" అందామె. అది మాటలా రాలేదు, రంపం గీసినట్టు వచ్చింది.

"అందుకే చెప్తున్నానమ్మా, ఇప్పట్నుంచి ఒక్క మాట కూడా వద్దు. గుసగుస కూడా వద్దు. నోటికి తాళం వేసుకోండి" అన్నాడు డాక్టరు.

నేను కూర్చున్న కుర్చీ పట్టుకున్నాను.

మా అమ్మ చిన్నప్పుడు నేర్పిన ప్రార్థన ఒకటుంది. పొద్దున్నే లేచి అక్కచెల్లెళ్లం అందరం చెప్పేవాళ్లం. "ప్రభువా, నా నోటికి తాళం వెయ్యి, నా మనసుకు తలుపు తియ్యి." యాభై ఏళ్లొచ్చినా అది చెప్పకుండా నేను మంచం దిగను. ఫిబ్రవరి ఇరవైన వంటగదిలో మోకరించి ఆ ప్రార్థనే చేశాను. సగమే చేశాను. ఒక్క మాట మార్చాను. "నా" అన్న చోట "ఆమె" అన్నాను.

ఆమె నోటికి తాళం వెయ్యి.

మార్చి 10, మంగళవారం

ముప్పై ఏళ్లుగా ఎన్ని అడిగాను! కొన్నిటికి పదేళ్లు ఎదురుచూశాను, కొన్నిటికి ఇంకా చూస్తూనే ఉన్నాను. ఇదొక్కటే నాలుగు రోజుల్లో జరిగింది.

మార్చి 12, గురువారం

ఈ రోజు బస్టాండులో నిలబడి ఉండగా ఆమె గొంతు వినపడింది.

ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్న మనిషి గొంతు. స్పష్టంగా, గట్టిగా, నవ్వుతున్నట్టు. "ప్రయాణికులకు మనవి." నా చేతిలోంచి భోజనం డబ్బా జారిపడింది. పక్కన నిలబడ్డ పెద్దాయన తీసి ఇచ్చాడు. "ఏమైందమ్మా?" అంటే మైకు వైపు చూపించాను.

"అదా? ఆమెకు బాగోలేదంట. పాత మాటలు రికార్డు చేసి పెట్టుకున్నారు, అవే వేస్తున్నారు."

బస్సు వచ్చేలోపు పదకొండుసార్లు వినపడింది.

మార్చి 13, శుక్రవారం

కూటానికి వెళ్లలేదు. నడిపించమంటారని.

మార్చి 17, మంగళవారం

బస్టాండుకి ముందే దిగిపోయి, మార్కెట్ వెనక నుంచి నడిచి వెళ్తున్నాను. ఇరవై నిమిషాలు ఎక్కువ. అయినా గాలి అటు వీస్తే వినపడుతుంది.

కుట్టు గదిలో మాస్టరు చొక్కా ఎత్తి చూపించాడు. "ఇదేంటమ్మా? అబ్బాయిల చొక్కాలకు అమ్మాయిల వైపు కాజాలు కోశావు! ఒకటి కాదు, పద్దెనిమిది!"

అబ్బాయిల చొక్కాకు కాజాలు ఎడమ పట్టీ మీద, అమ్మాయిల చొక్కాకు కుడి పట్టీ మీద. ఈ గదిలో చేరిన మొదటి రోజు నేర్చుకునేదే ఇది.

"విప్పి కుడతాను" అన్నాను.

"కుట్టు విప్పగలవు, కోత విప్పగలవా?" అన్నాడు. తిట్టలేదు. పద్దెనిమిది చొక్కాలూ తీసుకెళ్లి మూల పెట్టాడు. సాయంత్రం వరకు అవి నాకు ఎదురుగానే ఉన్నాయి.

మార్చి 22, ఆదివారం

పై అంతస్తులో చప్పుడే లేదు. కుర్చీ జరిగిన చప్పుడు కూడా లేదు. ఇన్నేళ్లు ఆ గోల ఎప్పుడు ఆగుతుందా అనుకున్నాను. ఇప్పుడు మెట్ల దగ్గర నిలబడి వింటున్నాను.

మార్చి 30, సోమవారం

ఆపరేషన్ అయింది. మరిది వచ్చాడు, మూడు రోజులుండి వెళ్తాడట. లోపలికి తీసుకెళ్లేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని, రెండు చేతులూ జోడించి చూపించింది. ప్రార్థన చెయ్యమని.

తల ఊపాను. చెయ్యలేదు. మోకరిస్తే నోట్లోకి ఆ ఒక్క మాటే వస్తోంది. మళ్లీ అదే వినపడుతుందేమోనని నోరు తెరవలేదు. ఆపరేషన్ గది బయట రెండు గంటలు పెదవులు బిగించుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 5, ఆదివారం

ప్రభు బల్ల ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మనసులో తప్పు పెట్టుకుని అవి తీసుకోకూడదంటారు. రొట్టె పళ్ళెం వరుసలో చేతులు మారుతూ నా దాకా వచ్చింది. పక్కావిడకు అందించేశాను. గిన్నె కూడా అంతే. పెళ్లయిన తర్వాత ఇది మొదటిసారి. ఎవరూ చూడలేదు.

ఏప్రిల్ 6, సోమవారం

ముక్క పరీక్ష ఫలితం వచ్చింది. చెడ్డ గడ్డ కాదు.

పై మెట్ల మీద కూర్చుని ఆమె మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది, చప్పుడు లేకుండా. చప్పుడు లేని ఏడుపు ఇంత భయంకరంగా ఉంటుందని నాకు తెలియదు. నేను పక్కనే నిలబడి వీపు నిమిరాను. ఈ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలియదు.

వాపు తగ్గలేదు కాబట్టి మాటలు ఇంకా వద్దన్నారట. గొంతు సంగతి ఇప్పుడే చెప్పలేరట.

ఏప్రిల్ 9, గురువారం

మా ఆయనకు జలుబు, ఒంట్లో వేడి. "నా కోసం ప్రార్థన చెయ్యవూ?" అన్నారు.

"డాక్టరుకు చూపించుకోండి."

దుప్పటి తీసి నా మొహంలోకి చూశారు. "నువ్వేనా మాట్లాడేది? గోరు విరిగినా మోకరించేదానివి. ఏమైంది నీకు?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదని ఇంత త్వరగా చెప్తున్నావంటే ఏదో ఉంది" అని అటు తిరిగి పడుకున్నారు.

ఆయన పేరు తలుచుకోవాలంటే భయం. ఎవరి పేరు తలుచుకోవాలన్నా భయం. నా నోట ఎవరి పేరు వస్తే వాళ్లకి ఏమవుతుందో.

ఏప్రిల్ 14, మంగళవారం

పాస్టరమ్మ గారు ఇంటికి వచ్చారు. కూర్చుంటూనే, "బల్ల తీసుకోలేదు మీరు" అన్నారు. ఎవరూ చూడలేదనుకున్నాను.

చెప్పేశాను. ఏ మాట మార్చానో కూడా చెప్పాను. నన్ను ఓదారుస్తారనుకున్నాను. దేవుడు క్షమిస్తాడు, మర్చిపోండి అంటారనుకున్నాను. అదే కావాలనుకున్నాను కూడా.

"తప్పు నాది కూడా ఉందక్కా. నలుగురిలో అలా నవ్వుతూ చెప్పకుండా ఉండాల్సింది" అన్నారు. తర్వాత, "నాకు చెప్పారు. దేవుడికి మీరు చెప్పకముందే తెలుసు. ఇక మిగిలింది ఒక్కరే" అంటూ కళ్లతో పైకప్పు వైపు చూపించారు.

"ఆమెకు ఎలా చెప్పను? గొంతు పోయిన మనిషికి?"

"గొంతు ఉన్నప్పుడైతే మిమ్మల్ని చెప్పనిచ్చేది కాదుగా, మధ్యలో దూరిపోయేది. ఇప్పుడైతే పూర్తిగా వింటుంది" అన్నారు.

నవ్వొచ్చింది. చాలా రోజులకు. వెంటనే సిగ్గేసింది.

ఏప్రిల్ 15, బుధవారం

సగం మెట్లెక్కి దిగివచ్చాను. రెండుసార్లు.

ఏప్రిల్ 16, గురువారం

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే పైకి వెళ్లాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో పలక. చిన్నపిల్లల పలక ఒకటి కొనుక్కుంది, మాటలన్నీ దాని మీదే. పలక మీద కూడా గట్టిగానే మాట్లాడుతుంది, ఒక్కో అక్షరం అరచేయంత.

రా అక్కా, టీ పెట్టనా? అని రాసింది.

"వద్దు. నేనొకటి చెప్పాలి. మధ్యలో ఏమీ రాయకు."

నిలబడే చెప్పాను. కూటంలో పని ఇచ్చిన రోజు నుంచి మొదలుపెట్టాను. తప్పులు లెక్కపెట్టడం, ఇస్త్రీ ఆమె అన్న "మీరూ", వంటగది, మా అమ్మ ప్రార్థన, నేను మార్చిన మాట. నా గొంతు నాకే వినపడటం లేదు. "గట్టిగా చెప్పు" అన్నట్టు ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టింది. ఆ ఒక్క వాక్యం మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"ఆమె నోటికి తాళం వెయ్యి అని అడిగాను."

ఆమె బలపం తీసుకుంది.

ఎప్పుడు?

"ఫిబ్రవరి ఇరవైన."

భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా, శబ్దం లేకుండా. తర్వాత గబగబా రాసింది.

డిసెంబరు నుంచే ఉంది. మింగుతుంటే తగిలేది. మీకెవరికీ చెప్పలేదు. నీ ప్రార్థన ఆలస్యం అక్కా, గడ్డే ముందొచ్చింది.

చెరిపి, మళ్లీ.

దేవుడి దగ్గర నీకంత పలుకుబడి ఉందనుకున్నావా?

నేలమీద కూర్చుండిపోయాను. డిసెంబరు నుంచి! అయితే నేను చేయలేదు. నా వల్ల కాదు. నాకు తెలియకుండానే "దేవా, నీకు స్తోత్రం" అన్నాను, పైకే అన్నాను.

ఆ మాట విని ఆమె నవ్వు ఆగింది. తడిగుడ్డతో పలకను నిదానంగా, మూలలు కూడా వదలకుండా తుడిచింది. ఈసారి అక్షరాలు చిన్నవి.

గడ్డ నువ్వు తేలేదు. ఆ మాట నువ్వే అన్నావు.

చెరిపింది.

పద్దెనిమిదేళ్లుగా అక్కా అంటున్నాను.

చెరిపింది.

వెళ్లు.

ఏప్రిల్ 19, ఆదివారం

తలుపు వేసే ఉంది. మెట్ల మీద పాలు పెట్టి వచ్చాను. సాయంత్రం గిన్నె కడిగి అదే మెట్టు మీద పెట్టి ఉంది.

ఏప్రిల్ 21, మంగళవారం

నలభై రోజులు నేనే ఆమె గొంతు తీసేశానని కుమిలిపోయాను. అది కూడా గర్వమేనేమో. నేను చిటికె వేస్తే దేవుడు లేచి వచ్చాడనుకున్నాను. చివరికి నేను కారణం కాదని తెలిసినప్పుడు సంతోషించింది కూడా నా కోసమే. ఎదురుగా గొంతు పోయిన మనిషి ఉండగా.

భయం పోయింది. దాని వెనక ఇన్నాళ్లూ నిలబడి ఉన్నది ఇప్పుడు కనపడుతోంది.

ఏప్రిల్ 22, బుధవారం

అసూయ.

రాశాను. మొదటి నుంచి తిరగేసి చూశాను, ఈ పుస్తకంలో ఎక్కడా ఆ మాట లేదు. ఆత్మ ఉంది, గర్వం ఉంది, భయం ఉంది, హాయి ఉంది. ఇదొక్కటి లేదు.

పొద్దున్న మోకరించాను. ఆ పాత ప్రార్థన చెప్పలేదు. నా మాటలతోనే చెప్పాను. "ప్రభువా, ఆమెను చూస్తే నాకు కుళ్లు. ఆమె నిన్ను నాన్నా అని పిలిస్తే నాకు కడుపులో మండింది. ముప్పై ఏళ్లలో నేనెప్పుడూ అలా పిలవలేదు, ధైర్యం రాలేదు. నాకు గొంతు ఇవ్వలేదని నీ మీద కోపం. ఆ కోపం నీ మీద చూపించలేక ఆమె మీద పెట్టాను."

ఎవరూ జవాబు చెప్పలేదు. వంటగదిలో కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. కానీ అంత సేపు మోకాళ్ల మీద ఉండి చాలా రోజులైంది. లేవాలనిపించలేదు. తిట్టే వాళ్ల దగ్గర ఎవరూ అంత సేపు ఉండరు కదా.

ఏప్రిల్ 27, సోమవారం

ఈ రోజు ఒక చొక్కాకు ఏడు కాజాలు కుట్టి, వెలుతురుకు పట్టి చూశాను. బాగున్నాయి. నా కుట్టు సన్నం. సన్నంగా ఉంటేనే కాజా చీలకుండా ఉంటుంది. ఇది మాస్టరు ఎప్పుడో చెప్పాడు. అప్పుడు నేను వినలేదు.

మే 1, శుక్రవారం

మెట్ల మీద నాతో ఎదురుపడింది. పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ముఖం చూడలేదు.

క్షమించమని మళ్లీ అడగలేదు. అడగడం కూడా ఆమె దగ్గర ఏదో లాక్కోవడమే అవుతుంది.

మే 3, ఆదివారం

మళ్లీ బల్ల ఆదివారం. తీసుకోవాలా వద్దా తెలియక చివరి వరుసలో గోడ పక్కన కూర్చున్నాను. ఆమె ముందు వరుసలో ఉంది.

పళ్ళెం వరుసలు దాటుతూ వస్తోంది. నా ముందు వరుసకు వచ్చేసరికి తల వంచుకున్నాను, పక్కకు అందించేద్దామని. ఎవరో వచ్చి నా ఎదుట నిలబడ్డారు. చెప్పులు చూశాను. ఆమెవే.

తన వరుసలోంచి లేచి, పళ్ళెం తనే అందుకుని, అందరి మధ్య నుంచి నడిచి వచ్చింది. నా ముందు పట్టుకుంది. నేను తీసుకోలేదు. ఆమె కదల్లేదు. పెద్దలు అటు చూశారు, పాస్టరు గారు పాట ఇంకో చరణం పెంచారు. ఆమె మోచేత్తో నా భుజం పొడిచింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అందులో కోపం ఇంకా ఉంది. కోపంతోనే పట్టుకుంది పళ్ళెం.

తీసుకున్నాను.

శుద్ధి అయినవాళ్లకి ఇచ్చేది కాదు అది. ఇన్నేళ్లూ శుద్ధిగా ఉన్నాననుకుని తీసుకున్నాను. ఈ రోజు ఆకలితో తీసుకున్నాను.

మే 5, మంగళవారం

పొద్దున్నే పాలు పెట్టడానికి వెళ్తే తలుపు తీసే ఉంది. పలక గుమ్మానికి ఆనించి ఉంది.

పంచదార వెయ్యకు. లావవుతున్నాను.

మే 8, శుక్రవారం

నిన్న ఆమె ఒక కాగితం ఇచ్చింది. కూటంలో చదవమని. ఆమె రాసిన ప్రార్థన.

"పాస్టరమ్మ గారికివ్వు, ఆమె బాగా చదువుతారు" అన్నాను.

నువ్వే, అని పలక మీద రాసి కింద రెండు గీతలు గీసింది.

మధ్యాహ్నం చదివాను. "నాన్నా" అన్న దగ్గర ఆగాను. ఆమె ఎదుటి బెంచీలోంచి నన్నే చూస్తోంది. అన్నాను. ఆమె మాటే, నా నోటితో. ఆ కాగితంలో తన గొంతు గురించి ఒక్క మాట లేదు. ఇస్త్రీ ఆమె కూతురు కాన్పు గురించి ఉంది, చెవిటి ముసలమ్మ మోకాళ్ల గురించి ఉంది. చివర్లో "మా అక్కకు మనశ్శాంతి ఇవ్వు, ఆమెకు నిద్ర సరిగా పట్టటం లేదు, కింద ఆమె తిరిగే చప్పుడు నాకు వినపడుతోంది" అని ఉంది. ముందే చదివి చూసుకోలేదు నేను. అందరి ముందు అది చదవాల్సి వచ్చింది.

వెనక వాళ్లు ముందుకు వంగి విన్నారు.

అయిపోయాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఎంత బాగా చేశారండీ ప్రార్థన!"

"నాది కాదు, ఆమెది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఎక్కడైనా నొప్పి పుడుతుందేమోనని చూసుకున్నాను. పుట్టలేదు.

మే 12, మంగళవారం

మార్కెట్ వెనక దారి మానేశాను. బస్టాండులోనే నిలబడ్డాను. రెండు బస్సులు వదిలేసి విన్నాను. పద్నాలుగేళ్లుగా వింటున్న గొంతు, ఒక్కసారి కూడా విననే లేదు. ఊళ్ల పేర్లు చెప్పేటప్పుడు ఒక్కో పేరుకీ చివర చిన్న ఊపు ఇస్తుంది, ఆ ఊరికి నిజంగా వెళ్లాలనిపించేలా. ఒక పసివాడు తల్లి చంకలో నుంచి అదే ఊపుతో తిరిగి అంటున్నాడు.

ఎంత చక్కటి గొంతు! ఇది ఉన్నందుకు దేవునికి స్తోత్రం అనుకున్నాను. తర్వాత ఏడ్చాను, అది ఇంకెక్కడా మిగల్లేదేమోనని.

మే 18, సోమవారం

డాక్టరు ఈ రోజు నోరు తెరవమన్నాడు.

పొద్దున్న నుంచి ఆమె పలక ముట్టుకోలేదు. డాక్టరు గదిలో "ఆ అనండి" అంటే, అంది. గాలి వచ్చింది. మళ్లీ అంది. గాలిలో సన్నటి దారంలాంటిది ఒకటి వచ్చింది. "ఇంతే. ఇదే ఇంకాస్త బలపడుతుంది. మైకు ఉద్యోగం మాత్రం కుదరదు" అన్నాడు. బస్టాండు వాళ్లు విచారణ కిటికీ దగ్గర కూర్చోబెడతామన్నారట. రికార్డు చేసినవి ఉన్నాయి కాబట్టి మైకుకి ఇంకొకళ్లను పెట్టరట.

అంటే ఆమె గొంతు ఇక నా గొంతు అంతే.

నన్ను నేను వెలుతురుకు పట్టి చూసుకున్నాను. అబద్ధం రాయను. ఒక మూల ఏదో తల ఎత్తింది, చిన్నది, పాతది. దాన్ని పేరు పెట్టి పిలిచాను. "నాన్నా, ఇదిగో ఇది" అని చూపించాను. అది చచ్చిపోలేదు. తల దించుకుంది.

బయట వరండాలో మందుల కోసం ఆగాం. బెంచీ చివర ఒక ముసలావిడ ఉంది, నేను మధ్యలో సంచీ పెట్టుకుని ఉన్నాను. చోటు లేక మా తోటికోడలు కాసేపు నిలబడే ఉంది. డెబ్బై రోజుల తర్వాత ఇంటివాళ్లతో అనే మొదటి మాట ఏమవుతుందా అని నేను ఎదురుచూశాను. స్తోత్రం అంటుందా? క్షమించాను అంటుందా? లేక ఇంకా క్షమించలేదు అంటుందా?

నా మీదికి వంగింది. వినాలంటే నేను కూడా వంగాల్సి వచ్చింది.

"అక్కా, కాస్త జరుగు. బెంచీ అంతా నువ్వే కూర్చున్నావు."

జరిగాను.